నాలుగు నెలల సిలిండర్

"ముందు కాటా మీద పెట్టండి."

నిండు సిలిండర్ భుజాన వేసుకుని మూడో అంతస్తు దాకా ఎక్కి వచ్చిన మనిషితో ఎవరైనా మొదట అనే మాట కాదది. "అయ్యో, కాస్త కూర్చోండి" అంటారు, "మంచినీళ్ళు కావాలా" అంటారు. ఈ అమ్మాయి మాత్రం కుట్టుమిషన్ ముందు నుంచి లేవకుండానే గుమ్మం పక్కనున్న తూకం కాటా చూపించింది.

గ్యాస్ ఏజెన్సీలో అతన్ని అందరూ గంట అంటారు. వీధి మొదట్లో స్పానర్‌తో సిలిండర్ మీద ఖంగుమని కొడితే వీధి చివరి ఇంట్లో నిద్రపోతున్నవాళ్ళు కూడా లేవాలన్నది అతని పంతం. అంత పేరున్న మనిషికి ఒళ్ళు మండింది.

"నన్ను దొంగననుకుంటున్నారా?"

"మిమ్మల్నెందుకు అనుకుంటానండీ? నా అనుమానం సిలిండర్ మీద."

తూచాడు. బరువు సరిగ్గానే ఉంది. హమ్మయ్య అనుకుని ఖాళీది తీసుకుపోబోతే, ఆమె లేచి వచ్చి దాన్నీ కాటా ఎక్కించింది.

"ఇందులో ఇంకా గ్యాసుంది. అయిపోయాక ఇస్తాను. కొత్తదాన్ని వెనక్కి మోసుకెళ్ళమనను లెండి, అది ఇక్కడే ఉంచండి. ఖాళీదానికి రేపు రండి."

"దానికోసం మళ్ళీ రేపు మూడంతస్తులు ఎక్కాలా? మరి ఇవాళ బుక్ చెయ్యడమెందుకు?"

"రెండు రోజులు పడుతుందని మీ ఆఫీసువాళ్ళే చెప్పారు. మీరు ఒక్కరోజులో ఊడిపడితే నా తప్పా?"

గంట తిట్టుకుంటూ మెట్లు దిగాడు. ఆఖరి మెట్టు దగ్గర ఎందుకో నవ్వొచ్చింది. మర్నాడు అక్కడికి బయల్దేరే ముందు తల దువ్వుకున్నాడు కూడా.

ఆ వీధివాళ్ళు ఆమెను జిప్పులమ్మాయి అంటారు. ఇంటి ముందు గదిలోనే జిప్పులు మారుస్తుంది, ప్యాంట్లు పొట్టి చేస్తుంది. ఇంట్లో ఆమె, వాళ్ళ నాయనమ్మ, అంతే. గంట కొత్త సిలిండర్ బిగించాక ఆమె పొయ్యి మీద అన్నం గిన్నె పెట్టింది. అతను పైపు, రెగ్యులేటర్ చూసి లేచేసరికి అది పొంగు వచ్చింది. వెంటనే దించి, పాత దుప్పట్లో చుట్టబెట్టి, అట్టపెట్టెలో కూర్చోబెట్టింది.

"అదేంటండీ, గిన్నెకి చలిజ్వరమా?"

"పొంగు వచ్చేదాకే మంట కావాలి. ఆ తర్వాత దాని వేడికి అదే ఉడుకుతుంది."

"దాన్ని కదిలించకు బాబూ, మొదలెడితే ఆపదు," అంది నాయనమ్మ కుర్చీలోంచి. "అరిగిపోయిన సబ్బుముక్కలన్నీ సాక్సులో కట్టి దాంతో ఒళ్ళు రుద్దుకోమంటుంది. ఇస్త్రీపెట్టె ఆపేశాక మిగిలిన వేడితో నా బట్టలు చేస్తుంది. నా దాకా వచ్చేసరికి ముడతలు ముడతల్లాగే ఉంటాయి."

"నీ మొహానికి మ్యాచింగ్‌లే నాయనమ్మా!"

గంట పగలబడి నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. అక్కడే మునిగాడు పాపం.

ఇక అసలు కష్టం చెప్పాలి. మిగతా ఇళ్ళలో సిలిండర్ నెల తిరక్కుండానే అయిపోతుంది. ఆ ఇంట్లో నాలుగు నెలలు వస్తుంది. ఆమె పొదుపు ముదిరేకొద్దీ అతనికి ఆమె కంటపడటం కరువైపోయింది. ఎవరింట్లోనైనా పొయ్యి ఊరికే వెలుగుతుంటే కడుపు తరుక్కుపోయేది అతనికి. అంత గ్యాసూ ఆ ఇంట్లో ఖర్చయితే ఎంత బాగుండును!

చూడకుండా ఉండలేక ఒక సంగతి కనిపెట్టాడు. లైటు వెయ్యకుండా ఆమె మిషన్నే వెలుతురు వెంట లాక్కెళుతుంది. పొద్దున తూర్పు కిటికీ, మధ్యాహ్నం దాటాక పడమటి కిటికీ. గంట కూడా తన రూటు మార్చుకున్నాడు. పొద్దున తూర్పు సందు, సాయంత్రం పడమటి సందు. డ్రైవర్ ఎందుకని అడిగితే "ట్రాఫిక్కు" అన్నాడు. ఆ సందులో ట్రాఫిక్కంటే ఒక పిల్లి.

ఒకసారి తన జాకెట్టు జిప్పు తనే లాగి పాడుచేసుకుని వెళ్ళాడు. ఆమె దాని మీద కొవ్వొత్తి ముక్క రెండుసార్లు రుద్దింది. జిప్పు జర్రున జారింది.

"కొత్తది అక్కర్లేదు. డబ్బులు దండగ."

"రెండు రోజులు మీ దగ్గరే ఉంచుకుని చూడకూడదా? మళ్ళీ పట్టేస్తుందేమో?"

"పట్టదు," అంది ఆమె నమ్మకంగా. గంట జాకెట్టు తొడుక్కుని, పైదాకా జిప్పు వేసుకుని, ఏడుపు మొహంతో దిగొచ్చాడు.

తర్వాతి సిలిండర్ ఇచ్చిన రోజున వాన పట్టుకుంది. దిగడానికి లేదు. ఆమె సగం గ్లాసు నీళ్ళిచ్చింది.

"నిండా ఇస్తే సొమ్మేం పోతుందండీ?"

"చాలకపోతే మళ్ళీ పోస్తాను. అడగండి."

మూడుసార్లు అడిగాడు. మూడోసారి పోస్తూ ఆమె పెదవి కొరుక్కుని నవ్వు ఆపుకుంది.

"ఇంత పొదుపు ఎందుకండీ?"

ఆమె నీళ్ళబిందె మీద మూత పెట్టింది. "అమ్మా నాన్నా పోయాక నాయనమ్మా నేనూ ఉన్నదాన్ని సాగదీసుకుంటూ బతికాం. ఇప్పుడంత ఇబ్బంది లేదు. కానీ ఏదైనా అయిపోతుందంటే భయం. చేతులు వాటంతటవే మూతలు పెట్టేస్తాయి."

మనసులో మాట అప్పుడే చెప్పేద్దామనుకున్నాడు. ఈలోగా వాన వెలిసింది, కింద డ్రైవర్ హారన్ కొట్టాడు.

నెల తిరగకముందే మేనేజర్ పిలిచి శుభవార్త చెప్పాడు. ఒకటో తారీఖు నుంచి గంట గోడౌన్ సూపర్‌వైజర్. జీతం పెరిగింది, మోత తప్పింది. ఇంటింటికీ తిరిగే పని ఇంకొకరికి. అందరూ భుజం తట్టారు. అతనికి మాత్రం ఆ రెండు కిటికీలూ ఎవరో మూసేసినట్టయింది. ఆమె దగ్గర సిలిండర్ ఇంకా నిండుగానే ఉంటుంది. అది అయిపోయేనాటికి దాన్ని మోసుకెళ్ళేది వేరే భుజం.

ఉండబట్టలేక ఉత్తచేతుల్తోనే మెట్లెక్కాడు.

"ఒకటో తారీఖు నుంచి నేను రానండీ. గోడౌన్‌లో వేశారు."

మిషన్ ఆగింది. ఆమె సూదిలో దారం సరిచూసుకుంది.

"మంచిది. మెట్లెక్కే బాధ తప్పింది," అంది.

ఇంకో మాట అంటుందేమోనని నిలబడ్డాడు. అనలేదు. మాటల్లోనూ పొదుపేనా అనుకుని దిగిపోయాడు. ఆ తర్వాత వారం రోజులూ అతని గంట మోత సందు చివరికి కూడా వినబడలేదు.

డెలివరీలో అతని ఆఖరి రోజు. చిట్టీలు తిరగేస్తుంటే ఆమె ఇంటి చిట్టీ కనబడింది. కళ్ళు నులుముకుని మళ్ళీ చూశాడు. అదే ఇల్లు, అదే అంతస్తు.

"అంత తొందరగా అయిపోయిందంటే ఇంటినిండా చుట్టాలు దిగుంటారు," అన్నాడు డ్రైవర్. "పెళ్ళి కుదిరుంటుంది లేరా."

ఆ రోజు సిలిండర్ ఎంత బరువుందో గంటకే తెలుసు. ప్రతి అంతస్తు దగ్గరా ఆగాడు. పైన పెళ్ళికొడుకే తలుపు తీస్తే ఏమనాలి?

తలుపు నాయనమ్మ తీసింది. ఇంట్లో చుట్టాలెవరూ లేరు. జిప్పులమ్మాయి తల వంచుకుని ఎవరిదో ప్యాంటు కుడుతోంది.

గంటకు ఇంకో భయం పట్టుకుంది. వంటింట్లోకి పరిగెత్తి, సబ్బు నురగ తీసుకుని పైపుకి, రెగ్యులేటర్‌కి పూసి చూశాడు. ఎక్కడా బుడగ రాలేదు.

"లీకేజీ లేదండీ. మరి గ్యాసంతా ఎటుపోయింది?"

మిషన్ వేగం పెరిగింది.

"నన్నడుగు, నేను చెప్తా," అంది నాయనమ్మ. "నీళ్ళు మరిగించింది. వారం నుంచీ అదే పని. మరిగించడం, చల్లార్చడం, మళ్ళీ మరిగించడం. పిచ్చి పట్టిందేమోనని హడలిపోయాను."

"అన్ని నీళ్ళు ఏం చేశారండీ?"

"అన్ని నీళ్ళెక్కడివి? అవే నీళ్ళు," అంది జిప్పులమ్మాయి తల ఎత్తకుండా. "గ్యాసు పోయిందని నీళ్ళు కూడా పారబోస్తానా?"

గంట గోడకి ఆనుకున్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గిన్నెకి దుప్పటి కప్పే మనిషి, సబ్బుముక్క పారెయ్యని మనిషి, ఏదైనా అయిపోతుందంటే భయపడే మనిషి, సిలిండర్‌కి సిలిండర్ తగలేసింది.

"ఎందుకండీ?" అన్నాడు, తెలిసి కూడా.

"మీరు రానన్నారుగా."

"ఒక్క మాట పిలిస్తే వచ్చేవాణ్ణి."

"ఏమని పిలవాలి? గ్యాసు బుక్ చేస్తే వస్తారని తప్ప నాకు ఇంకో దారి తెలీదు." ఆమె చేతిలో ప్యాంటు పక్కన పెట్టింది. "మంట చూస్తుంటే ప్రాణం ఉసూరుమనేది. ఆర్పెయ్యాలని చెయ్యి వెళ్ళేది. ఆర్పితే మీరు రారు."

"నాలుగేసి నెలలు... మీ సిలిండర్ ఎప్పుడైపోతుందా అని కాచుకుని కూర్చున్నవాణ్ణి నేను. నాకు మీరంటే..." అతను ఆగి, నాయనమ్మ వైపు చూశాడు.

"నాకు చెముడు," అంది నాయనమ్మ, కుర్చీ ఇంకాస్త దగ్గరికి జరుపుకుంటూ. "కానివ్వండి. ఆ తర్వాత మీ అమ్మని ఒకసారి తీసుకురా బాబూ. పెద్దవాళ్ళం మాట్లాడుకునేవి ఉంటాయి."

కింద డ్రైవర్ హారన్ మీద హారన్ కొడుతున్నాడు. ఈసారి గంట తొందరపడలేదు. జిప్పులమ్మాయి లేచి, చీకటి మెట్ల దగ్గర లైటు వేసి, అతనితో గుమ్మం బయటిదాకా వచ్చింది.

"నాకు మీరంటే ఇష్టం," అంది గబగబా.

"ఇంకోసారి చెప్పండి."

"ఉహూఁ. రేపు."

నాలుగు నెలలకోసారి ఆమె గుమ్మం ఎక్కినవాడికి, రేపంటే ఎంత దగ్గరో ఆ మెట్ల మీద మొదటిసారి తెలిసింది.