ఆవ్ అంటే ఆవు కాదు

దీపకు వాళ్ళ బాపు మీద పెద్ద ఫిర్యాదులేమీ లేవు. మనిషి బంగారం. బీడీ లేదు, కల్లు లేదు, కొడుకుతో సమానంగా కూతుర్నీ చదివించాడు. ఉన్నదల్లా ఒకటే జబ్బు. ఆయన ఎప్పుడూ రైటే.

జనగామ రైల్వే క్వార్టర్లలో, రోజూ పట్టాలు తనిఖీ చేసే కీమ్యాన్ మాన్‌సింగ్ తప్పు చేయగా ఎవరూ చూడలేదు. ఎందుకంటే ఆయన చేసిన తప్పు అక్కడికక్కడే ఇంకొకరి ఖాతాలో పడిపోతుంది. ఒకసారి మహబూబాబాద్‌లో పెళ్ళికని ఇంటిల్లిపాదినీ బయల్దేరదీసి, కాజీపేటలో వేరే రైలెక్కించాడు. జమ్మికుంటలో దిగి, పెట్టె కింద పెట్టి, చుట్టూ చూసి, "బండే తప్పు పోయింది" అన్నాడు. రైల్వేలో పనిచేసే మనిషి! ఆ పెళ్ళిభోజనం తప్పిన దుఃఖం ఆయన భార్య ద్వాళికి ఇప్పటికీ తీరలేదు.

పెరట్లో చిక్కుడు తీగ సంగతీ అంతే. చుట్టూ కంచె కట్టాడు, ఒక మూల సందు వదిలేశాడు. క్వార్టర్లలో తిరిగే ఎర్రావు ఒకటి ఆ సందులోంచి తల దూర్చి దర్జాగా మేసిపోతుంది. "ఆవుకు బుద్ధి లేదు" అంటాడు మాన్‌సింగ్, కర్ర చేతికందే చోట పెట్టుకుని.

ఆ ఆవు కథలోకి మళ్ళీ వస్తుంది. ప్రస్తుతానికి మేయనిద్దాం.

దీప జనగామలోనే జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. అన్న సురేందర్‌కు భూపాలపల్లిలో బొగ్గు గని ఆఫీసులో ఉద్యోగం. ఒక సాయంత్రం అతను ఫోన్ చేశాడు.

"చెల్లె, ఒక మనిషి తక్కువైండు."

"దేనికి?"

"అంతరిక్షానికి."

సంగతేమిటంటే, ఐదుగురు ఒక జట్టుగా ఆడే ఆట అది. ఎవరి ఇంట్లో వాళ్ళు కూర్చుని, తలా ఒక ఓడ నడుపుతూ, మైకులో ఒకరినొకరు పిలుచుకుంటూ, అవతలి ఐదుగురి ఓడల్ని పేల్చాలి. వీళ్ళ జట్టులో బచ్చన్నపేట నరేందర్‌కు ఈమధ్యే పెళ్ళయింది.

"పెండ్లయినంక హెడ్‌ఫోన్ ఎటు పోయిందో తెల్వదంటున్నడు," అన్నాడు సురేందర్ విచారంగా. "నువ్వు రావాలె."

దీప వచ్చింది, కానీ ఊరికే రాలేదు.

"నమస్తే మేడం. నేను ప్రదీప్, కెప్టెన్‌ని. మాది డోర్నకల్. మీ అన్న ఆఫీసే," అంది మైకులో ఒక గొంతు. మంచి గొంతే. అంత మంచి గొంతును ఊరికే వదిలిపెట్టడం దీపకు చేతకాదు.

"ముందుగాల నాకొక డౌటు. అంతరిక్షంల గాలి లేదు. గాలి లేకుంటే చప్పుడు రాదు. మరి మీ బాంబులు గంతగనం మోగుతున్నయేంది?"



"మేడం, జర చప్పుడు ఉండనియ్యుండ్రి," అన్నాడు ప్రదీప్. "లేకుంటే మేం చచ్చినమో బతికినమో మాకే తెల్వది."

దీప గభాల్న మైకు ఆపేసి నవ్వింది. మొదటి రోజే నవ్వు వినపడితే అలుసైపోమూ?

ఆమెకు రిపేర్ ఓడ ఇచ్చాడు. "దెబ్బతిన్న ఓడ పక్కకు పోయి గీ పచ్చ లైటు కొడితే బాగయితది. మీరు మా దవాఖాన అన్నట్టు."

"ఎట్ల నడపాలె?"

"మెల్లగ."

దవాఖాన రయ్యిన పోయి సొంత స్థావరానికే గుద్దుకుంది.

"మేడం, గది మన ఇల్లే."

"తెలుసు. ఒకసారి చూసిపోదామని వచ్చిన."

అంతరిక్షంలో బ్రేకులుండవు. ఆగాలంటే ఎదురు తోయాలి. ఈ సంగతి దీప పిల్లలకు బోర్డు మీద ఎన్నిసార్లు చెప్పిందో! బోర్డుకు తెలిసింది కానీ ఆమె వేళ్ళకు తెలియలేదు. ప్రదీప్ విసుక్కోకుండా నేర్పాడు. "గుద్దుకున్నంక ఆపుడు కాదు మేడం, పోయేటప్పుడే ఆపుడు గురించి సోంచాయించాలె." ఎన్ని ఓడలు పేలినా కోపం రాని మనిషి. తన ఓడ పేలితే మాత్రం "దేవా!" అంటాడు. ఆదివారాలు చర్చిలో క్వయిర్ పాడతాడు కాబట్టి, ఆ "దేవా" కూడా రాగంలోనే వస్తుంది. అది వినడానికి దీప ఒకటి రెండుసార్లు రిపేరు కొంచెం ఆలస్యం చేసిందని ఎవరైనా అంటే, రుజువు లేదు.

శనివారాలు అతను డోర్నకల్ ఇంట్లోంచి ఆడేవాడు. వెనక నుంచి వాళ్ళమ్మ పుష్పమ్మ గొంతు వినపడేది. "ప్రదీపూ, ఆ పిల్ల తిన్నదో లేదో అడుగు!"

"అమ్మ, యుద్ధంల ఉన్నం!"

"యుద్ధమైతే తినరా?"

ఒకరోజు ఆట మధ్యలో అతనే అడిగాడు. "మీ దగ్గర వాన పడుతుందా?"

"పడుతుంది. మీకెట్ల ఎరుక?"

"మీ మైకుల రేకుల చప్పుడు. మా దగ్గర ఒక్క చుక్క లేదు. జర ఇటు పంపుండ్రి."

దీప అన్నం తిని లేచేసరికి ఫోన్లో మెసేజీ ఉంది. *చేరింది. మీ వానే. ఫిజిక్స్ వాసనొస్తుంది.*

ఆమె ఆ మెసేజీని రెండోసారి చదవలేదు. ఫోన్ చేతిలోనే ఉంది కాబట్టి కళ్ళు వాటంతటవే అటు పోయాయి, అంతే.

ఇంత మాటకారి అయిన దీపకు ఒక అలవాటుంది. వాళ్ళమ్మతో మాట్లాడాల్సి వస్తే మైకు ఆపేస్తుంది. ఇంట్లో వాళ్ళది లంబాడి భాష. హైదరాబాద్‌లో చదివేటప్పుడు ఆమె ఇంటికి ఫోన్ చేస్తే, హాస్టల్లో పక్క మంచాల వాళ్ళు ఆ మాటల్ని సాగదీసి అనుకరించి పడీ పడీ నవ్వేవారు. అప్పటినుంచి ఆ భాషను ఇంటి గడప దాటనివ్వలేదు.

కానీ భయానికి గడపలు తెలియవు.

ఒక శనివారం పెద్ద ఆట పడింది. హెడ్‌ఫోన్‌కు ఛార్జింగు లేక దీప స్పీకర్ పెట్టుకుంది. భూపాలపల్లిలో కరెంటు పోయి సురేందర్ మధ్యలోనే మాయమయ్యాడు. అప్పుడే అవతలి జట్టువి మూడు ఎర్ర ఓడలు దవాఖానను చుట్టుముట్టాయి. ఎడమకు తోసింది, కుడికి తోసింది, తెలుగూ ఇంగ్లీషూ రెండూ ఒకేసారి మరిచిపోయింది.

"ఆవ్! ఆవ్!" అని అరిచింది.

వాళ్ళ భాషలో 'రా' అని.

వంటింట్లోంచి ద్వాళి పిండి చేతులతో పరుగెత్తుకొచ్చింది, కూతురు తననే పిలిచిందనుకుని. డోర్నకల్ నుంచి రావలసిన ఓడ మాత్రం రాలేదు. గొంతొక్కటే వచ్చింది.

"ఆవా? పరేషాన్ కాకుండ్రి మేడం! కట్టె తీస్కొని అదిలియ్యుండ్రి! తోక దిక్కు మాత్రం పోవద్దు!"

జట్టులోని వరంగల్ అమ్మాయి మంజుల పకపకా నవ్వింది. దవాఖాన పేలిపోయింది.

దీపకు పేలుడు వినపడలేదు. ఆ నవ్వే వినపడింది. హాస్టల్ నవ్వులానే ఉంది. ల్యాప్‌టాప్ మూసేసింది.

వెనక కుర్చీలో మాన్‌సింగ్ అంతా విన్నాడు. తీర్పు వెంటనే వచ్చింది. "మన మాటను ఎక్కిరించిండు. గసుంటోనితోని ఆటేంది, మాటేంది? బంద్."

"బాపు, ఆయన గసుంటోడు…" కాదని చెప్పబోయి దీప ఆగింది. నిజంగా కాదో, అవునో.

"ఎక్కిరించెటోన్ని మొఖం చూడకున్న పట్టుకుంట. నేను తప్పు పోను."

"జమ్మికుంట," అంది ద్వాళి చేతుల పిండి దులుపుకుంటూ.

ఆ రాత్రి మెసేజీ వచ్చింది. *ఆవు పోయిందా? మీకు దెబ్బ తగలలేదు గద?*

దీప ఫోన్ బోర్లా పెట్టింది. ఇంకా ఎక్కిరింతే! అతనికే చెప్పాలనుకున్న మాటలు ఎన్ని పోగయ్యాయో అప్పుడే తెలిసింది. ఆ వారమంతా జనగామలో వాన పడింది. ఆమె ఎవరికీ పంపలేదు.

'ఆవ్' అంటే ఏమిటో, దీప ఎందుకు అలిగిందో సురేందర్ ఇంటికి ఫోన్ చేసి తెలుసుకుని ప్రదీప్‌కు చెప్పాడు. ఆదివారం చర్చి అయిపోగానే అదే తెల్లచొక్కాతో రైలెక్కాడు. చేతిలో పుష్పమ్మ ఇచ్చిన మురుకుల డబ్బా. దారి పొడుగునా, సురేందర్ నేర్పినట్టు, లంబాడిలో 'వచ్చిన' అనే మాట వల్లించుకున్నాడు. జనగామలో దిగితే కుండపోత. క్వార్టర్ల తలుపు కొట్టేసరికి ఒంటి మీద పొడి చోటు లేదు.

తలుపు తీసింది మాన్‌సింగ్. ఆ మీసాలు చూసేసరికి ప్రదీప్ వల్లించిందంతా కొట్టుకుపోయింది. ఒక్క మాటే మిగిలింది.

"ఆవు!" అన్నాడు.

మాన్‌సింగ్ అతని వెనక్కి చూశాడు. ఏ ఆవూ లేదు. అతను అన్నది 'ఆవ్' అని అప్పుడు తట్టింది. "నా ఇంటికొచ్చి నన్నే రమ్మంటున్నవా?"

"కాదు బాపూ! వచ్చిన అందామని…"

"పిలగాడు తడిసిండు, ముందు లోపలికి రానియ్యి," అంది ద్వాళి లోపలినుంచి.

దీప గది గుమ్మంలో నిలబడింది. ఇన్నాళ్ళూ గొంతుగా ఉన్న మనిషికి చెవుల దగ్గర రింగుల జుట్టు ఉందని, అందులోంచి నీళ్ళు కారుతున్నాయని చూసింది. చూడనట్టు మొహం పెట్టింది.

"నిజంగ ఆవనే అనుకున్న," అన్నాడు ప్రదీప్ ఆమెతో. "మా వాకిట్లకు కూడ వస్తది. మీరు మీ అమ్మతోని మాట్లాడేటప్పుడు మైకు బంద్ జేస్తిరి. ఒక్కసారన్న విననిస్తే నాకు తెలుస్తుండె గద?"

దీప కొక్కేనికున్న టవల్ తీసి అతని చేతికిచ్చింది. ఆ తడి చొక్కా ముందు ఏ సాకూ నిలబడేది కాదు.

మాన్‌సింగ్ మాత్రం తగ్గలేదు. "కథలు! చెవులున్నోడెవడన్న ఆవ్‌ను ఆవనుకుంటడా?"

"బాపు," అంది దీప నెమ్మదిగా, "ఆట ఏందో చూడకుండనే బంద్ అన్నవ్. ఒక్కసారి ఆడి చూడు. గప్పుడు గూడ తప్పంటే నేనే మానేస్త."

"బండి నడుపుడు నాకు నేర్పుతరా?" అని మాన్‌సింగ్ ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. ఆయన వెనక బల్ల మీద కూర్చుని ప్రదీప్ తన ఫోన్లో అదే ఆట తెరిచాడు.

"పట్టాలేవి?"

"ఉండవు బాపూ."

"సిగ్నల్?"

"లేదు."

"గందుకే గుద్దుకుంటున్నరు," అని మాన్‌సింగ్ తన ఓడను సొంత స్థావరానికి గుద్దించాడు. "గోడ తప్పు కట్టిండ్రు."

అయినా కుర్చీ వదల్లేదు. కాసేపటికి నాలుక బయటపెట్టి మరీ నడుపుతున్నాడు. వెనక బల్ల మీద దీప గుసగుసగా ఇంకో పాఠం మొదలుపెట్టింది.

"చివర్ల 'ఉ' పెట్టొద్దు. ఆవ్."

"ఆవు."

"ఆవ్. అనంగనే నోరు మూసెయ్యాలె."

"నోరు మూస్తే ఎట్ల మాట్లాడాలె?"

"మాట్లాడకుంటేనే మంచిగుంటది."

ప్రదీప్ నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, ఫోన్లో చూస్తూనే అన్నాడు. "ఈ ఒక్క మాట సరిగ్గ నేర్చుకుంటే చాలు. ఎప్పుడన్న నువ్వు పిలిస్తే నేను కట్టె పట్టుకొని రావొద్దు గద."

'మీరు' ఎప్పుడు 'నువ్వు' అయిందో ఇద్దరూ గమనించనట్టే ఉన్నారు.

"పిలుస్తనని ఎవరన్నరు?"

"పిలవవా?"

వసారా రేకుల మీద వాన దంచుతోంది. 

"మైకు బంద్ జెయ్యకుండ పిలుస్త," అంది దీప.

ఆ మాటకు ప్రదీప్ తన ఓడ సంగతే మరిచాడు. ఎర్ర ఓడలు మరవలేదు. తేరుకుని చూసేసరికి ఓడ మంటల్లో ఉంది. కాపాడగల ఓడ ఒక్కటే ఉంది, మాన్‌సింగ్ నడిపే దవాఖాన. ప్రదీప్ ప్రాణం పెట్టి అరిచాడు.

"బాపూ! ఆవు! ఆవు!"

మాన్‌సింగ్ చివాల్న లేచాడు. కుర్చీ పడిపోయింది. మూలనున్న కర్ర అందుకుని, "దీని మొఖం మన్నువడ! మళ్ల నా చిక్కుడు మీద పడ్డది!" అంటూ పెరటి తలుపు తీసుకుని వానలోకి దూకాడు.

గదిలో ఎవరూ కదల్లేదు. తెర మీద ప్రదీప్ ఓడ పేలింది. "దేవా," అన్నాడతను, ఈసారి రాగం లేకుండా.

కిటికీలోంచి ముగ్గురూ చూశారు. చిక్కుడు తీగ వానలో నిగనిగలాడుతోంది. కంచె సందు ఖాళీగా ఉంది. ఎర్రావు ఎక్కడో దూరంగా పక్క క్వార్టరు చూరు కింద పడుకుని, నెమరేస్తూ, ఈ కర్ర పట్టుకున్న మనిషిని జాలిగా చూస్తోంది.

మాన్‌సింగ్ అటూ ఇటూ చూశాడు. అప్పుడు అర్థమైంది. వానలో అలాగే నిలబడిపోయాడు.

తర్వాత మెల్లగా లోపలికొచ్చాడు. మీసాల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. ఇప్పుడు తప్పు ఎవరిదవుతుందోనని అందరూ ఎదురుచూశారు. ఆవుదా, వానదా, కంచెదా?

"వాన చప్పుడుకు…" అని మొదలుపెట్టాడు.

"ఊఁ?" అంది ద్వాళి.

ఆయన కర్ర వైపు చూశాడు. తడిసిన ప్రదీప్‌ను చూశాడు. తనవైపే చూస్తున్న కూతుర్ని చూశాడు. కర్ర గోడకానించాడు.

"పిలగా, నేను గూడ ఆవనే అనుకున్న," అన్నాడు. "నువ్వు ఎక్కిరించలే. తప్పు నాదే. ఆవ్, ఇట్ల నా పక్కకొచ్చి కూసో."

ఈసారి ప్రదీప్ కర్ర కోసం చూడలేదు. వచ్చి కూర్చున్నాడు.

"ఏమన్నవ్?" అంది ద్వాళి, చెవి దగ్గర చెయ్యి పెట్టి. "రేకుల చప్పుడుల ఇనబడలే."

"తప్పు నాదే అంటున్న!"

ద్వాళి మురుకుల డబ్బా మూత తీసి, తాపీగా ఒకటి విరిచి నోట్లో వేసుకుంది.

"జమ్మికుంటది?"

మాన్‌సింగ్ టవల్‌తో తల తుడుచుకుంటూ, ఆ టవల్ కిందనుంచే అన్నాడు.

"గది గూడ."