ఏడు రోజులకు బదులు ఒక గంట

పస్కా పండుగకు ఇంకా ఎనిమిది రోజులుంది. పొద్దున లుల్వా వంటింట్లో గుడ్డ పరిచి బియ్యం ఏరుతోంది. పండుగ బియ్యంలో ఒక్క గోధుమ గింజ కూడా ఉండకూడదని బాగ్దాదు యూదుల ఇళ్ళల్లో ఏడుసార్లు ఏరుతారు. ఆమె ఏరడం ఇది నాలుగోసారి.

“ఎవరికమ్మా ఇంత బియ్యం? మూడింటికి కారొస్తుంది. రాత్రికి సరిహద్దు కొండల్లో ఉంటాం,” అంది కూతురు సువాద్.

“నువ్వెళ్ళు. మీ నాన్న జైలు నుంచి వచ్చేసరికి ఇంటికి తాళం కనపడాలా?”

“ఈ కారు పోతే ఇంకోటి దొరకదు.”

“పోనీ. ఆ మనిషి ఆకలితో వస్తాడు. పండుగ పూట హోటల్లో తినమంటావా? బయటి అన్నం ఆయనకెప్పుడైనా పడిందా?”

పదిహేడు నెలల కిందట లుల్వా భర్త ఖద్దూరీని దుకాణం నుంచి పట్టుకెళ్ళారు. ఏడాది తర్వాత, నవంబరులో ఆయన జైల్లో చనిపోయాడు. శవాన్ని ఇవ్వలేదు. ఇంటికి కబురూ పంపలేదు. పన్నెండు రోజుల తర్వాత, అదే గది నుంచి విడుదలైన ఒకాయన మందుల షాపు దగ్గర సువాద్‌కు ఆ మాట చెప్పి, ఆగకుండా వెళ్ళిపోయాడు. ఇంట్లో ఏడుపు వినబడితే, వార్త ఎవరు చెప్పారని పోలీసులు వస్తారు. సువాద్ మందులు కొనుక్కుని ఇంటికొచ్చింది. ఏమీ చెప్పలేదు.

ఇప్పుడామె తలుపు మూసి వచ్చి తల్లి చేతులు పట్టుకుంది.

“నాన్న రాడమ్మా. నవంబరులోనే పోయాడు.”

లుల్వా చేతులు విడిపించుకుంది. “నీకెప్పుడు తెలిసింది?”

“పన్నెండో రోజున.”

“ఇది ఏప్రిల్. ఎంత పని చేశావే!”

భర్త పోతే, వాళ్ళ ఆచారం ప్రకారం ఏడు రోజులు నేల మీద కూర్చుని ఏడవాలి. పోయి ముప్పై రోజులు దాటాక కబురు తెలిస్తే మాత్రం కూర్చునేది ఒక్క గంట.

“ముప్పై ఏళ్ళు కాపురం చేశాను. కోడిపెట్ట పోయినా గంటసేపు ఏడుస్తారు. నా ఏడు రోజులూ మింగేశావు.”

“ఏడిస్తే నిన్నూ తీసుకెళ్తారని భయపడ్డానమ్మా.”

లుల్వా చెప్పులు విప్పి గోడ వారన నేల మీద కూర్చుంది. అప్పుడు పదయింది. సువాద్ కూడా చెప్పులు విప్పి ఎదురుగా కూర్చుంది.

పావుగంట తర్వాత లుల్వా పాత పండుగల మాట ఎత్తింది.

“పస్కా రాత్రి మీ నాన్న, ఈజిప్టు వదిలొచ్చిన మన తాతముత్తాతల్లా, రొట్టె మూట భుజాన వేసుకుని బయటికెళ్ళి తలుపు కొట్టేవాడు. ఎక్కణ్ణించి అని మేం అడగాలి. ఈజిప్టు నుంచి అని ఆయన అనాలి. ఎక్కడికి అంటే యెరూషలేముకు అనాలి. నువ్వు పుట్టిన ఏడు మూటకు బదులు నిన్నేసుకు వెళ్ళాడు. ఎక్కడికి అంటే, ‘యెరూషలేము సంగతి తర్వాత, ముందు దీని గుడ్డ మార్చండి’ అన్నాడు. మా అత్తకు నవ్వీ నవ్వీ పొలమారింది.”

“నేను తలుపు తియ్యనన్నది ఏ ఏడమ్మా?”

“నీకు అయిదేళ్ళప్పుడు. ఈజిప్టు వాళ్ళు మాకొద్దు పొమ్మన్నావు. వానలో నిలబడ్డాడు, వెర్రి మనిషి.”

పదకొండు కొట్టింది. లుల్వా గోడ పట్టుకుని లేచింది.

“నా సంచీ కూడా సర్దు,” అంది. తర్వాత కూతురి గౌను వైపు చూసింది. “తండ్రి పోతే గుండె వైపు బట్ట చింపుకోవాలి. చింపుకున్నావా?”

“చింపితే నువ్వు చూసేదానివి.”

“ఇన్ని నెలలూ నిండు గుడ్డతోనే తిరిగావా, తల్లీ?”

లుల్వా కత్తెర తెచ్చింది. గౌను మెడ దగ్గర ఎడమవైపు గాటు పెట్టి, మిగతాది చేత్తో చింపింది. సువాద్ తలను తన భుజానికి ఆనించుకుంది.

“ఇప్పుడేడువు,” అంది. “మెల్లగా. పక్కింటికి వినబడకుండా.”