యూన్‌చిన్ తినని పుట్టగొడుగులు

"నువ్వమ్మే పుట్టగొడుగులు నువ్వే తినవా? అయితే విషమే అన్నమాట!"

నాన్‌హువా సంతలో, జోరువానలో, నలుగురూ వినేలా అన్నాడు బావ్‌షెంగ్. సందు చివర చిన్న హోటల్లో వంటవాడతను. నెల రోజులుగా యూన్‌చిన్ అనే కొండపిల్ల దగ్గరే పుట్టగొడుగులు కొంటున్నాడు. మాట కలపడానికే బేరమాడుతున్నాడు. ఆ రోజు ధైర్యం చేసి, "మధ్యాహ్నం రా, వీటితో అన్నం వేయించి పెడతా" అన్నాడు. "నేను తినను" అంది. దానికే ఈ వేళాకోళం.

రోజూ మాటకి మాట అంటించే పిల్ల ఆ వేళ బుట్ట వీపుకి తగిలించుకుని తడుస్తూ వెళ్ళిపోయింది.

"నీ నోరు పడిపోను!" అంది పక్కన మిరపకాయలమ్మే ముసలమ్మ. "మూడేళ్ళ కిందట వాళ్ళమ్మ ఏరుకొచ్చిన వాటిలో చెడ్డదొకటి కలిసింది. అది తిన్న తండ్రి నాలుగో రోజున పోయాడు. అప్పట్నుంచి ఆ తల్లి పొయ్యి ముట్టుకోదురా!"

బావ్‌షెంగ్‌కు ఆ రాత్రి కంటి మీద కునుకు లేదు. తెల్లవారగానే కొండెక్కి వాళ్ళింటికి వెళ్ళాడు.

"ఇంకేమైనా అనడం మిగిలిపోయిందా?" గుమ్మంలోనే అడిగింది యూన్‌చిన్. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"సారీ చెప్దామని. ఇంకోటి కూడా... నువ్వంటే నాకిష్టం. నువ్వొద్దంటే ఈ జన్మలో పుట్టగొడుగు ముట్టుకోను."

"ముట్టుకోకపోతే ఎలా? వంటవాడివి." లోపలి నుంచి తల్లి గొంతు వినిపించింది. ఆమె మెల్లగా బయటికి వచ్చింది. "పుట్టగొడుగుల అన్నమంటే మా ఆయనకి ప్రాణం. ఆ రోజు పిల్ల ఊళ్ళో లేదు. ఆయనకి చాలదేమోనని నా వాటా కూడా ఆయనకే పెట్టేశాను."

యూన్‌చిన్ నివ్వెరపోయింది. "అమ్మా! నాకెప్పుడూ చెప్పలేదే!"

తల్లి కూతురి బుట్ట ముందేసుకుని కూర్చుంది. ఒక్కో పుట్టగొడుగునీ కాడ నుంచి గొడుగు దాకా రెండేసి సార్లు చూసి అతని చేతికిచ్చింది. "వేయించు."

బావ్‌షెంగ్ బాణలిలో పందికొవ్వు కరిగించి, వెల్లుల్లి, ఎండుమిర్చి, పుట్టగొడుగు ముక్కలు వేశాడు. నీరు ఊరింది, ఇంకింది. "ఇంకా" అంది తల్లి. అంచులు ఎర్రబడ్డాయి. "ఇంకా." ఆమె సరేనన్నాకే చద్దన్నం వేసి కలిపాడు.

ముందు తనే తిని చూపిద్దామని గిన్నె అందుకోబోతే తల్లి అతని చెయ్యి పట్టుకుంది.

"నువ్వొద్దు. నీకేమైనా అయితే నా కూతురేమైపోవాలి? ముందు నేను తింటాను. రేపటి దాకా చూడండి."

యూన్‌చిన్ వచ్చి తల్లి పక్కన చతికిలబడింది. ఆ గిన్నెలోంచే ఒక ముద్ద తీసి నోట్లో పెట్టుకుంది.

"ఏమే!" తల్లి కేక పెట్టింది.

"ఈసారి నువ్వు ఒక్కదానివే కాదమ్మా" అని గిన్నె అతని వైపు జరిపింది యూన్‌చిన్.

వంటవాడు ఆ రోజు ఉప్పు వెయ్యడం మరిచిపోయాడు. ఏడుస్తూ తిన్న ముగ్గురిలో ఒక్కరికీ ఆ సంగతి తెలియలేదు.