రుచి చూసి చెప్పాల్సిన రాయి

"రాళ్ళేవండీ?"

తలుపు తీసీ తియ్యకముందే అడిగాడతను. గొడుగు ముయ్యడం కూడా మరిచిపోయాడు. ముసురులో చోడవరం బస్టాండు నుంచి నడిచి వచ్చినట్టున్నాడు, పాంటు మోకాళ్ళదాకా బురద.

లక్ష్మీసుందరి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. వచ్చినవాడు కాలేజీలో జియాలజీ డిమాన్‌స్ట్రేటరు వేంకటరమణమూర్తి. టైఫాయిడ్ వల్ల ప్రాక్టికల్స్ పోయాయని ఆమె కళ్ళనీళ్ళు పెట్టుకుంటే, ఎవరికీ చెప్పకుండా ఖనిజాల పెట్టె ఇంటికిచ్చి పంపిన మనిషి.

"బుధవారం తెస్తానన్నాను కదండీ!"

"రేపు పొద్దున్నే స్టాకు చూస్తారట, కొత్త హెడ్‌గారు. పెట్టె లేకపోతే నా టెంపరరీ ఉద్యోగం కాస్తా పోతుంది."

నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. సుందరికి అసలే రాలేదు. ఆమె వెనక, పెరటి అరుగు మీద, రాళ్ళన్నీ స్నానాలు చేసి ఆరుతున్నాయి.

అది మామ్మ వరహాలక్ష్మమ్మ పని. "ఎవరెవరు ముట్టుకున్నవో ఏటో! ఏకాదశి పూటా ఇంట్లో ఎలా పెట్టుకుంటామే?" అంటూ తెల్లారకుండానే కొబ్బరిపీచూ బూడిదా పెట్టి తోమేసింది. వాటికి అంటించిన నంబరు కాగితాలు తూములోంచి వీధిలోకి కొట్టుకుపోయాయి.

రమణమూర్తి అరుగు దగ్గర చతికిలబడ్డాడు.

"ఏ ఖనిజానికి ఏ నంబరో నాకు గుర్తే. ఏ రాయి ఏదో మీరు చెప్పండి, నేను కాగితం అంటిస్తాను."

"నేనా? మీరుండగా?"

"పోయిన ప్రాక్టికల్స్ ఇవే అనుకోండి."

సుందరి కొంగు దోపుకుని కూర్చుంది.

"తెల్లటివి రెండూ ఒక్కలాగే ఉన్నాయండీ."

"రంగుని నమ్మకండి."

చాకు తెచ్చి గీసింది. మొదటిదాని మీద గీత పడలేదు. ఆ రాయితోనే పగిలిన గాజుపెంకు మీద గీస్తే పెంకు గీరుకుపోయింది. "క్వార్ట్జ్!" రెండోదాన్ని చాకు సులువుగా గీరేసింది. రాలిన పొడి మీద నిమ్మరసం పిండితే సన్నగా నురగ వచ్చింది. "కాల్సైట్!" గులాబీ రంగుది ఇటుకలా చదునుగా విరిగి ఉంది, అది ఫెల్‌స్పార్. గోటితో గీస్తేనే పొడి రాలింది టాల్కు. నల్లటిదాన్ని ఆవకాయ జాడీ అడుగున, నునుపు లేని చోట గీసింది. ఎర్రటి చార పడింది.

"హెమటైట్. పైకి నలుపు, గీస్తే ఎరుపు."

"మీ కోపంలాగ," అన్నాడతను.

"నాకు కోపం ఎప్పుడొచ్చిందండీ?"

"మొదటి ప్రాక్టికల్లో సగం మార్కులేసినప్పుడు. నేను వాకిట్లో ఉన్నాననుకోకుండా నన్ను బండరాయి అన్నారు."

సుందరి మొహం తిప్పేసుకుంది. హాల్లో అనంతరామయ్య, ఆమె తండ్రి, గోవాడ పంచదార ఫ్యాక్టరీలో గుమాస్తా, గట్టిగా దగ్గాడు. ఇందాకటి నుంచీ ఆయన పేపరు పేజీ తిప్పడం లేదు.

అన్నీ పెట్టెలో సర్దారు. ఒక్క గడి మాత్రం ఖాళీ.

"హేలైట్ ఏదీ?"

మొక్కల్లో వెతికారు. తూములో చెయ్యి పెట్టి చూశారు. పిడికిలంత రాయి ఎక్కడికి పోతుంది?

"నేనే పోగొట్టానని హెడ్‌గారితో చెప్తాను," అంది సుందరి.

"అప్పుడు మీకెందుకిచ్చానో నేను చెప్పాలి."

"ఎందుకిచ్చారు?"

అతను లేచి మళ్ళీ తూములో చెయ్యి పెట్టాడు.

అంతలో మామ్మ మజ్జిగ తెచ్చింది. "తాగు బాబూ. మొహం వడిలిపోయింది."

"బావుందండీ మామ్మగారూ," అన్నాడు గుటక వేసి.

"బావుండదూ మరి! ఏకాదశి నాడు సముద్రపుప్పు ముట్టను. సైంధవలవణం నిండుకుని ఇన్నాళ్ళూ చప్పిడే తింటన్నాను. మీ పెట్టిలో దొరికింది. లచ్చణంగా ఉన్న ఉప్పుగల్లుని పట్టుకుని రాయంటారేటర్రా!"

గ్లాసు అతని చేతిలోనే ఆగిపోయింది.

వంటింట్లో రోటి నిండా తెల్లటి హేలైట్ పొడి. మిగిలింది చింతగింజంత ముక్క.

సుందరి ఇక ఆపుకోలేక ఏడ్చేసింది. అనంతరామయ్య పేపరు మడిచి, గుమ్మంలో ఉన్న గొడుగు తీసుకుని వానలోకి వెళ్ళిపోయాడు. బజార్లో మూలికల కొట్టు నుంచి కాగితంలో గడ్డ ఒకటి చుట్టించుకుని తిరిగొచ్చాడు.

"ఇదేనేమో చూసుకోండి."

రమణమూర్తి అలవాటుగా నాలిక్కి ఆన్చాడు. "ఇదేనండీ!"

"అదేటి బాబూ, నాకుతన్నావు?" అంది మామ్మ.

"దీన్ని రుచి చూసే పోల్చాలండీ. ఏటా క్లాసులో పిల్లలందరూ..."

మామ్మ వెనక నుంచి సుందరి వద్దు వద్దని చేతులూపింది. ఆలస్యమైపోయింది.

మామ్మ రోటికేసి చూసింది. తన ఖాళీ గ్లాసుకేసి చూసింది.

"అందరూ అంటే, ఈ గుంటానా?"

"నేనూ, మామ్మా."

"నువ్వో?"

"నేను ప్రతి బ్యాచ్‌కీ చూపించాలండీ," అన్నాడు, భయంలో అబద్ధం తోచక.

"కడిగేవు కదమ్మా," అనబోయాడు అనంతరామయ్య.

"నువ్వుండరా!"

మామ్మ పీట వాల్చుకు కూర్చుంది.

"వీళ్ళిద్దరి ఎంగిలీ కలిపి ఏకాదశి నాడు నా చేత తాగించేరు," అంది చివరికి. "ఇంక వేరే వేరే ఇళ్ళల్లో ఉంటే నా మడికి అర్థం ఏటుంది? ఒరే అనంతూ, ఈ అబ్బాయిదే ఊరో కనుక్కో."

"బుచ్చయ్యపేట," అన్నాడు అనంతరామయ్య. "నేను పట్టుకెళ్ళింది ఇతని గొడుగే. గుడ్డ మీద పేరూ ఊరూ రాయించుకున్నాడు."

సాయంత్రం బస్సుకి పెట్టె చంకన పెట్టుకుని బయల్దేరాడు. సుందరి గుమ్మం దాకా వచ్చింది.

"ఉద్యోగం నిలిస్తే ఉత్తరం రాయండి."

"నిలవకపోతే?"

"అప్పుడూ రాయండి."

వేసవిలో పరీక్ష. వాల్తేరు నుంచి వచ్చిన ఎగ్జామినరు సుందరి ముందు తెల్లటి గడ్డ ఒకటి పెట్టాడు. ఆయన వెనక గోడకి ఆనుకుని డిమాన్‌స్ట్రేటరు రమణమూర్తి కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"హేలైట్," అంది సుందరి వెంటనే.

"రుచి చూడకుండానే చెప్పేస్తే ఎలాగమ్మా?"

"ఇంట్లో అందరం చూశామండీ."