జహ్రా దెయ్యం, రెండు జతల స్పీకర్లు

కువైట్‌లోని జహ్రాలో ఆ వీధి చివరి ఇంటికి చెడ్డపేరు పడి నెల దాటింది. ఇరాకీ సైన్యం దిగిన రాత్రే ఇంటివాళ్లు సౌదీకి పారిపోయారు. కంగారులో పనిమనిషి గురమ్మను లోపలే పెట్టి తాళం వేశారనీ, పాపం ఆమె అక్కడే ప్రాణం విడిచిందనీ చెప్పుకున్నారు. అప్పట్నుంచి చీకటి పడ్డాక ఆ గోడ పక్కన నడిస్తే చాలు... లోపల్నుంచి తిట్లు! అదీ తెలుగులో. అరబ్బీ దెయ్యమైతే ఏమీ అర్థం కాక మనవాళ్లు నిమ్మళంగా ఉండేవాళ్లు. ఇది కడప యాసలో, తరాలు ఎత్తి తిట్టే దెయ్యం. ఇళ్లు దోచుకునే సైనికులు సైతం ఒకసారి గేటు దాకా వచ్చి, తుపాకులు పట్టుకునే వెనక్కి పరిగెత్తారట.

అలాంటి ఇంటి గోడ దూకాలని పెంచల్ ఎందుకు అనుకున్నాడంటే —

ఆగస్టు ఒకటిన వాడి దగ్గర నూట పది దినార్లున్నాయి. మానిటర్ స్పీకర్లు కొనడానికి దాచినవి. తెల్లారేసరికి యుద్ధం. స్పీకర్లమ్మే కొట్టే లేదు.

పెంచల్ పగలు అమ్ఘరా తుక్కు బజారులో పాత ఇనుము తూచేవాడు. సాయంత్రమైతే, దుప్పట్లు మేకులేసి కొట్టిన ఒక గదంత ఇనుప డబ్బాలో కూర్చుని, రాయడం రానివాళ్ల మాటలు క్యాసెట్లలోకి ఎక్కించేవాడు. అవే ఊళ్లకు జాబులు. ఇప్పుడు టపా లేదు, ఫోను లేదు. పొద్దున్నే జోర్డాను వైపు బయల్దేరే బస్సులో వాడి స్నేహితుడు గంగాధర పోతున్నాడు. వాడి సంచిలో పోవలసిన క్యాసెట్లు ముప్పై ఆరు.

చిక్కంతా ఒక్కటే. పెంచల్ టూ ఇన్ వన్‌లో వింటే ప్రతి మాటా తేనె. గంగాధర నడిపే కారులో వింటే మాటల మీద జుమ్మని ఒక రొద. అబద్ధమాడుతోంది ఏది?

"ఇంటికి ఐదుగురు వింటారనుకో, నూట ఎనభై చెవులు!" అన్నాడు పెంచల్.

"మనిషికి రెండు చెవులురా," అన్నాడు గంగాధర.

"మూడొందల అరవై! చూస్తివా, ఇంకా ఘోరం!"

ఆ చివరింటి కుర్రవాడికి పాటలు రికార్డు చేసుకునే గది ఉండేది. దాని గోడలకు స్పాంజీ అంటించింది పెంచలే. అక్కడ రెండు జతల స్పీకర్లుండేవి. ఒకటి బీరువాల్లాంటి నల్లవి. రెండోది, చూస్తే జాలేసే బుల్లివి. 'మామూలు స్పీకరు నిన్ను సంతోషపెడుతుంది, మానిటరు నిజం చెబుతుంది' అనేవాడు కుర్రవాడు. ఏ జత మానిటరో మాత్రం ఎన్నడూ చెప్పలేదు.

"తెచ్చుకునేందుకు కాదురా. విని వచ్చేస్తా," అన్నాడు పెంచల్.

"దెయ్యం వినిపిస్తాదిలే," అన్నాడు గంగాధర. అయినా గోడ దాకా వచ్చాడు.

పెంచల్ దూకాడు. పెరడంతా నల్లగా... నిశ్శబ్దంగా... ఎండిన ఖర్జూరపు మట్ట ఒకటి కాలికింద చిట్లింది.

అంతే —

"ఎవుర్రా నువ్వు! నీ మూలమడుగంటా!"

కిటికీలు గడగడలాడాయి. నేలలోంచి లేచినట్టుంది గొంతు. గోడవతల గంగాధర చెప్పుల చప్పుడు దూరమైపోయింది... ముందు రెండు చెప్పులు, తర్వాత ఒకటే.

పెంచల్‌కు పళ్లు కొట్టుకుంటున్నాయి. ఎందుకో మరి, నవ్వు కూడా వస్తోంది. వెనక్కి పోవడానికి గోడ ఎత్తు, ముందుకు పోవడానికి తలుపు దగ్గర. లెక్క తేలిపోయింది. తలుపు తోశాడు.

చీకటి గది. స్పాంజీ వాసన. ఎక్కడో టక్కుమని ఏదో నొక్కిన చప్పుడు...

అప్పుడు సరిగ్గా వాడి చెవి పక్కన, మెల్లగా, ఒక ముసలామె అడిగింది —

"కూడు తింటివా, మ్మే?"

"తిన్న్యా, అవ్వా," అన్నాడు పెంచల్.

అనేశాక గిరుక్కున తిరిగాడు. పక్కకు చూశాడు. ఎవరూ లేరు. వెంటనే అదే చోటు నుంచి... కొక్కొరొకో!

నడిరాత్రి కువైట్‌లో కోడి! దాని వెనక టేపు తిరిగే సన్నని గుసగుస. రోజూ వాడు వినే గుసగుస.

"ఇది క్యాసెట్టు!" అని అరిచాడు.

"గమ్మునుండు నాయనా, సైనికులు వింటారు!" అంది తెర వెనక నుంచి ఇంకో గొంతు. చేతిలో అట్లకాడ పట్టుకుని గురమ్మ బయటికొచ్చింది. చావడం మాట అటుంచి, కాస్త ఒళ్లు చేసింది కూడా.

మామా, అంటే ఇంటి యజమానురాలు, ఇల్లు తన చేతిలో పెట్టి పోయిందట. కొట్టు నిండా బియ్యం ఉన్నాయట. గోడ దగ్గర అలికిడైతే, అత్త పంపిన క్యాసెట్టులో ఆమె ఎవరినో తిట్టిన ముక్క పెద్ద స్పీకర్లలో పెడుతుందట. "మా యత్త తిట్లకు మా ఊర్లో పోలీసులే నిలబడరు. ఇరాకోళ్లెంత! ఇప్పుడు నువ్వు తలుపు తోస్తానే నేను బెదిరి పక్క స్విచ్చి నొక్కితి, గొంతు ఈ బుల్లివాటిలోకి మారిపాయ."

పెంచల్ చీకట్లోనే చిందులేశాడు. "పెద్దవి దెయ్యాన్ని వినిపించినాయి చిన్నమ్మా! బుల్లివి మనిషిని వినిపించినాయి! నేను జవాబు చెప్తి గదా! ఇవే, ఇవే మానిటర్లు!"

జేబులో తెచ్చిన జాబులు, రెండు క్యాసెట్లు, ఒకదాని తర్వాత ఒకటి పెట్టాడు. బుల్లి స్పీకర్ల ముందు చెవి ఒగ్గాడు. ఈశ్వరయ్య దగ్గు. తిమ్మయ్య కొడుక్కి చెప్పే బుద్ధులు. మధ్యలో ఊపిరి. రొద లేదు! జుమ్మన్నది కారు ఇంజను. ముప్పై ఆరూ నిక్షేపం.

నవ్వుతూ తలెత్తి, "నువ్వు చచ్చిపోయినావని ఊరంతా అనుకుంటాంది చిన్నమ్మా," అన్నాడు.

గురమ్మ నవ్వలేదు. "యా ఊరు?"

పెంచల్ వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. మొదటి బస్సుల్లో కడపోళ్లు ఎంతమంది ఈ మాట మోసుకుపోయారు... ఎప్పటికి చేరి ఉంటారు... లెక్క వాడి ముఖంలోనే కనిపించిందేమో.

"దినాలు గూడా చేసేసింటారా నాకు?"

"చేసేసింటారు."

ఆమె అట్లకాడ పట్టుకునే కుర్చీలో కూలబడింది. పెంచల్ గదిలోని కొత్త క్యాసెట్టు విప్పి, మైకు ఆమె ముందుకు జరిపాడు. ముప్పై ఏడోది.

సైన్యాన్ని తరిమిన మనిషి మైకు చూసి వెనక్కి జరిగింది. "నాయనా... దినాలు చేసినంక నా గొంతు వింటే, మా యత్త దెయ్యమనుకోదా?"

పెంచల్ కొత్త క్యాసెట్టును టేపులోకి తోసి మూత వేశాడు.

"మొదటి మాటే ఆమెను తిట్టు చిన్నమ్మా. ఇన్నేండ్లుగా ఎదురు చెప్పంది, అంతా తిట్టు. చచ్చినోళ్లకు అంత రోషముండదు. బాగా వచ్చిందో లేదో ఈ బుల్లివాటిలో విని, నచ్చితేనే పంపిద్దాం."

గురమ్మ కొంగు బిగించింది. గొంతు సవరించింది. కళ్లు మెరిశాయి.

బయట వీధిలో బూట్ల చప్పుడు ఒకటి దగ్గరై... ఆగి... మళ్లీ దూరమైంది.

పెంచల్ ఎర్ర మీట మీద బొటనవేలు పెట్టి, తల ఊపాడు.