ఏ ఒడిలోనైనా

పాపకి ఆకలేసింది. అమ్మ ఒడిలోనే ఉంది, అయినా మొహం తిప్పేసుకుని పక్కన నిలబడ్డ, శిశుశాల నడిపే హైమవతి ముంజేతికేసి మెడ సాచింది.

"మీరు కాస్త అవతలికి జరగండి హైమవతిగారూ" అంది సౌమ్య, ఆ ఉదయానికి నాలుగోసారి.

హైమవతి మణికట్టుకి పాలపట్టీ ఉంది. కాకినాడలోని ఆ నలభై అంతస్తుల టవర్లో అందరికీ ఉంది, లిఫ్టు బాగుచేసే అతనికి కూడా. కాన్పైన మూడోవారం తల్లి రొమ్ము దగ్గర ఒక గుడ్డముక్క రాత్రంతా ఉంచి, దానికి పట్టిన పాలవాసనని అచ్చు తీస్తారు. పట్టీ దగ్గర బిడ్డ పేరు పలికితే చాలు, ఆ తల్లి వాసన సన్నగా వీస్తుంది. చూపు ఆనకముందే పసిబిడ్డ అమ్మని పోల్చుకునేది పాలవాసనతోనే కదా. అంచేత ఏ బిడ్డా ఎవరి ఒడిలోనూ ఏడవదు. తల్లులు నిశ్చింతగా డ్యూటీలకి పోతున్నారు. ఆ టవర్లో పసిపిల్ల ఏడుపు వినబడి ఆరేళ్ళయింది.

అంతా బాగానే ఉంది. సౌమ్య పాలు మాత్రం పాప మిన్ను తాగడం లేదు.

పుట్టింట్లో మూడు నెలలూ చక్కగా తాగింది. ఇక్కడికొచ్చి పదిరోజులు. పట్టీ కట్టుకున్న ఎవరు సీసా పట్టినా గుటగుటా తాగుతుంది, తల్లి రొమ్మిస్తే గింజుకుంటుంది. పాలు గడ్డకట్టి సౌమ్యకి జ్వరం కూడానూ. ఇంకో రెండ్రోజులు ఇలాగే ఉంటే పాలు ఎండిపోతాయని డాక్టరమ్మ చెప్పింది. పట్టీల సహాయకేంద్రానికి ఫోన్ చేస్తే, మీ వాసన మీ అచ్చుతో సరిపోవడం లేదు, మీరూ ఓ పట్టీ కట్టుకోండి అన్నారు. నా వాసన నేను అరువు తెచ్చుకోవాలా అని ఒళ్ళు మండింది. అయినా కట్టుకుంది. మిన్ను రొమ్ము వదిలేసి మణికట్టు చీకింది.

హైమవతి వెళ్ళాక, తునిలో ఉన్న తల్లి నూకరత్నానికి ఫోన్ చేసి ఆ విసుగంతా వెళ్ళబోసుకుంది. ఆవిడ తాపీగా విని, "ఏ గుడ్డే, ఆస్పత్రోళ్ళిచ్చిన తెల్లముక్కా?" అని అడిగింది.

"అదే."

"అది పచ్చిగా ఉందే. తెల్లారి వాళ్ళకిచ్చేముందు ధూపం బుట్టమీద ఆరేశాను."

ఆ పొగవాసన సౌమ్యకి గుర్తొచ్చింది. సాంబ్రాణి, వాము, వెల్లుల్లి పొట్టు. పుట్టింట్లో ఉన్నన్నాళ్ళూ తలంటుకుని ఆ బుట్టమీదే తనూ జుట్టు ఆరబెట్టుకుంది. ఇక్కడ అగ్గిపుల్ల గీసినా సైరన్ మోగుతుంది. ఈ పదిరోజులూ టవరంతా మిన్నుకి ఆ పొగే చూపించి అమ్మంటోంది.

"ఎవర్నడిగి ఆరేశావమ్మా?"

"పిల్లగుడ్డ ఆరెయ్యడానికి ఎవర్నడగాలే? అంత చదువుకున్నోళ్ళు, పాలేవో పొగేదో వాళ్ళకి తెలీదా?"

అచ్చు మార్చాలంటే పదిహేను రోజులు పడుతుందన్నారు సహాయకేంద్రంవాళ్ళు. అయితే చెరిపేయండి అంది సౌమ్య. చెరిపేస్తే పాప ఇంకెవరి దగ్గరా ఆగదని మూడుసార్లు హెచ్చరించారు. మూడుసార్లూ సరేనంది.

అమ్మ సర్దిన పెట్టె అడుగున ధూపం పొట్లం దొరికింది. ఇనప మూకుడు కరెంటు పొయ్యిమీద కాల్చి, ధూపం చల్లి, జుట్టు విరబోసుకుని పొగమీదకి వంగింది. కళ్ళు మండాయి. పక్కగదిలోకి వెళ్ళి పాపని ఒళ్ళో వేసుకుంది. మిన్ను ముక్కుపుటాలు కదిలాయి. ఒక్క క్షణం ఆగి, వెతుక్కుని, పట్టుకుంది.

పట్టుమని పది గుక్కలు తాగిందో లేదో సైరన్ మోగింది. హైమవతి పరుగున వచ్చి, పాపని లాక్కుని వసారాలోకి పట్టుకుపోయి, "మిన్నూ" అంది పట్టీలోకి. ఏ వాసనా వీచలేదు. మిన్ను మొహం కందగడ్డ చేసుకుని గుక్కపట్టి ఏడ్చింది. తలుపులన్నీ తెరుచుకున్నాయి. పట్టీలు కట్టుకున్న తల్లులు బయటికొచ్చి ఆ చప్పుడేమిటా అన్నట్టు చూశారు. ఏడ్చే బిడ్డని ఎలా పట్టుకోవాలో హైమవతి చేతులు మరిచిపోయాయి. భుజానికెత్తింది, దించింది, మళ్ళీ పేరు పలికింది.

"ఇది ఎవరి దగ్గరా ఉండదింక. రేపు నీ డ్యూటీ మాటేంటమ్మా?"

వెనకే పరిగెత్తుకొచ్చిన సౌమ్య ఆమెకి ఎదురుగా నిలబడింది. పొగకి దగ్గుతూ చేతులు చాపింది.

"ముందు ఇలా ఇవ్వండి. అది నాకోసం ఏడుస్తోంది."