అత్తమ్మ గిన్నెడన్నం

పొద్దున లేవగానే పొయ్యి మీద చాయ్ మరగకపోతే శంకరవ్వకు తెల్లారినట్టే ఉండదు. అలాంటిది, ఆ ఇంట్లో చాయ్ వాసన వచ్చి రెండు వారాలు దాటింది. పాలు బంద్, చక్కెర బంద్, అన్నం బంద్, రొట్టె బంద్, పప్పు బంద్. ఉద్యమం జరిగినప్పుడు కూడా కరీంనగర్‌లో ఇన్ని బంద్‌లు చూడలేదని ఆమె పక్కింటివాళ్లతో మొత్తుకుంది. ఆఖరికి పల్లీలు కూడా బందే అని తెలిసిన రోజు మాత్రం నిజంగానే కుర్చీలో కూలబడింది. పల్లీలు లేకుండా తొక్కు ఎట్లా నూరుతారు మరి!

వంటింట్లో కోడలు నవనీత గోబిపువ్వు తురుముతోంది.

"ఏంది బిడ్డా, గింత సన్నగ తురుముతున్నవు?" గుమ్మంలో కూర్చొని పుంటికూర తెంపుతూ అడిగింది శంకరవ్వ.

"అన్నం లెక్క కనవడాలె అత్తమ్మా. పళ్లెంల తెల్లగ కనవడితె ఆయనకు జర పానం నిమ్మళమైతది."

"గా ఆదిమానవులు గోబిపువ్వు తురుముకొని తిన్నరా?"

నవనీత నవ్వు ఆపుకుంది. "వాళ్లు వేటాడి తిన్నరు. దుంపలు, కాయలు, పండ్లు తిన్నరు. వడ్లు, జొన్నలు పండించుడు ఎరుక లేనప్పుడు మనుషులు ఏం తిన్నరో గదే తినాలె. పాలియో అంటే అంతే. ఒక్క నెల."

"మంచిగనే ఉంది గని, వాళ్లు ఎన్నేండ్లు బతికేటోళ్లట?"

స్నానం చేసి వస్తున్న శ్రీహరి పక్కున నవ్వాడు. నవనీత అతని వైపు ఒక్క చూపు చూసింది. నవ్వు గొంతులోనే ఆగిపోయింది.

ఆ చూపులో కోపం కంటే భయమే ఎక్కువ. శ్రీహరి గ్రానైట్ క్వారీలో సూపర్‌వైజర్. ఈమధ్యే చేయించిన పరీక్షలో షుగర్ బయటపడింది. "నెల రోజులు తిండి మార్చి చూడండి, తగ్గకపోతే గోళీలు మొదలుపెడదాం" అన్నాడు డాక్టరు. ఆ మాట ఎవరికైనా మామూలుగానే వినపడేది. నవనీతకు మాత్రం మామ ఎల్లేశం కాలు గుర్తొచ్చింది. సిరిసిల్లలో మరమగ్గం సాంచెల మీద నిలబడి నిలబడి బతుకంతా బట్ట నేసిన మనిషి. పాదానికి చిన్న పుండు లేచి, అది మానక మోకాలి కింద కాలు తీసేశారు. ఆ తర్వాత ఏడాది తిరగలేదు. ఆ పుండుకు రోజూ కట్టు కట్టింది నవనీతే. కట్టు విప్పినప్పుడు వచ్చే ఆ వాసన ఇప్పటికీ ఆమెను వదల్లేదు. అందుకే తనతో పాటు ప్రైవేటు బళ్లో పాఠాలు చెప్పే టీచరమ్మ ఎవరో పాలియో గురించి చెప్పగానే పట్టుకుంది.

అయితే ఈ పాలియో కనిపెట్టినవాళ్లకు మన వారాల సంగతి తెలియదు కదా! సోమవారం రాజన్నది, గురువారం బాబాది, శనివారం వెంకన్నది. ఆ రోజుల్లో ఆ ఇంట్లో నీసు ముట్టరు. గుడ్డు కూడా నీసే. మరి అన్నం లేక, పప్పు లేక, నీసూ లేకపోతే మనిషి ఏం తిని బతకాలి? దీనికి శంకరవ్వే దారి చూపింది. వేములవాడ దిక్కు తిరిగి చేతులు జోడించి, "రాజన్నా, నా కొడుకు గిది మందు లెక్క తింటుండు. తప్పు పట్టకు తండ్రీ" అని కొడుకుకు నెల రోజులు మినహాయింపు అడిగింది. తన వారాలు మాత్రం తాను వదల్లేదు.

ఇంట్లో బియ్యం పూర్తిగా మానెయ్యలేదు. కూతురు అలేఖ్య హాస్టల్లో ఉంటుంది కాబట్టి చిన్న కుక్కర్ చాలు. పొద్దున్నే అందులో వండి నవనీత తన బడి డబ్బాలో కొంత పెట్టుకునేది. అత్తమ్మ మధ్యాహ్నం తినడానికి స్టీలు గిన్నెలో కొంత తీసి, పక్కన ప్యాకెట్ పెరుగు పెట్టి వెళ్లేది. సాయంత్రం వచ్చేసరికి గిన్నె కడిగి బోర్లించి ఉండేది. రాత్రి మాత్రం శంకరవ్వ, "పొద్దుగూకినంక నాకు అరగదు బిడ్డా" అని ఒక జామకాయతో సరిపెట్టుకునేది. పెద్ద మనిషి కదా, నిజమే కావచ్చనుకుంది నవనీత.

ఆదివారం పొద్దున ఇంట్లో ఉన్న మిషన్‌తో శ్రీహరి వేలు పొడిచి చూశారు. అంకె తగ్గలేదు సరికదా, ఇంకా ఎక్కింది.

"గిదేంది? నేను ఒక్క మెతుకు ముట్టలే కదా!" అన్నాడు శ్రీహరి తెల్లబోయి.

నవనీత చూపు వెళ్లి వెళ్లి బోర్లించిన స్టీలు గిన్నె మీద ఆగింది. మధ్యాహ్నం శ్రీహరి తినడానికి ఇంటికొస్తాడు. ఆ వేళకు ఇంట్లో ఉండేది తల్లే. రోజూ గిన్నెడన్నం, పెరుగు తినే మనిషి ఇట్లా ఎందుకు ఎండిపోతోంది? చెంపలు లోపలికి పోయాయి, చేతి కడియాలు మోచేతి దాకా జారుతున్నాయి. ఆమె తింటేగా! ఆ అన్నం ఎక్కడికి పోతోందో తనలాంటి లెక్కల టీచరుకు ఎవరూ చెప్పక్కర్లేదనుకుంది.

మరునాడు సోమవారం నుంచి ఒంటిపూట బడులు మొదలయ్యాయి. నవనీత మధ్యాహ్నమే ఇంటికి చేరింది. శ్రీహరి తిని చేయి కడుక్కుంటున్నాడు. స్టీలు గిన్నె అప్పుడే కడిగినట్టుంది, నీళ్లు కారుతున్నాయి.

"ఇయ్యాల గూడ పెట్టినవా అత్తమ్మా?"

"ఏంది బిడ్డా?"

"నీ గిన్నెల అన్నం. రోజూ ఆయన పళ్లెంలకే పోతున్నది గదా?"

"నవనీతా! ఏం మాట్లాడుతున్నవ్?" అన్నాడు శ్రీహరి.

"నువ్వు ఊకో. తినకుంటె షుగర్ ఎట్ల ఎక్కుతది, గాలి తింటె ఎక్కుతదా? నేను పొద్దుగాల లేచి గోబిపువ్వు తురుముకుంట చస్తున్న. ఇంట్ల వెనుక నుంచి గిది నడుస్తున్నది!" నవనీత అక్కడ ఆగినా బాగుండేది. ఆగలేదు. "మామయ్య కాలు తీసేసినంక గూడ, అడుగుతుండు గదా అని దొంగతనంగ బెల్లం పాశెం వండిపెట్టింది ఎవరు? ఆయన పాయె. ఇప్పుడు ఈయనను గూడ పంపిస్తవా?"

శంకరవ్వ కొంగుతో చేతులు తుడుచుకుంది. తుడిచిన చేతులనే మళ్లీ మళ్లీ తుడుచుకుంది.

"లేదు బిడ్డా" అంది. అంతే. మెల్లగా లేచి తన గదిలోకి వెళ్లిపోయింది.

"మా అవ్వనట్ల అంటవా?" అని, శ్రీహరి జవాబు కోసం ఆగకుండా బండి తీసుకుని క్వారీకి వెళ్లిపోయాడు. నవనీత వంటింట్లోనే నిలబడింది. అన్నది నిజమే అని మనసుకు ఎంత సర్దిచెప్పుకున్నా, ఆ "లేదు బిడ్డా" చెవుల్లోంచి పోలేదు.

సాయంత్రం ఉన్నట్టుండి మబ్బు పట్టింది. ఈదురు గాలి లేచి తలుపులు కొట్టుకున్నాయి. నవనీత వాకిట్లో ఆరేసిన బట్టలు తీసి లోపల పడేసి, అత్తమ్మ గదిలోకి తొంగిచూసింది. ఆమె లేదు. "అత్తమ్మా!" అని అరుస్తూ బయటికి పరుగెత్తింది.

మిద్దె మెట్ల మీద, సగంలో, గోడ పట్టుకుని కూర్చుని ఉంది శంకరవ్వ. కళ్లు మూసుకుంది.

"అయ్యో, ఏమైంది? ఈడెందుకు కూసున్నవ్?"

"కండ్లు తిరిగినయ్ బిడ్డా. నా ఫికర్ చెయ్యకు, ముందుగాల మీదికి పో. తడుస్తయ్."

ఏం తడుస్తాయో అర్థం కాకుండానే నవనీత పైకెక్కింది. ఎక్కి అక్కడే నిలబడిపోయింది. మామ సాంచె మీద నేసిన పాత చీర మిద్దె మీద పరిచి, నాలుగు మూలలా రాళ్లు పెట్టి ఉంది. చీర నిండా అన్నం వడియాలు. ఎండి గలగలమంటున్నవి ఒక పక్క, సగం ఎండినవి ఒక పక్క. ఒక చివర మాత్రం ఇంకా తడిగా, పుల్ల పెరుగు వాసన వేస్తూ, ఇవాళ మధ్యాహ్నం పెట్టినవి.

రెండు వారాల అన్నం. తాను రోజూ గిన్నెలో తీసిపెట్టిన అన్నం. ఒక్క మెతుకు కూడా శ్రీహరి పళ్లెంలోకి పోలేదు. అత్తమ్మ నోట్లోకీ పోలేదు.

చినుకులు పడుతుంటే చీర నాలుగు కొసలూ పట్టి మూట కట్టుకుని, ఏడ్చుకుంటూ కిందికి దిగింది. అత్తమ్మ నడుం పట్టుకుని లోపలికి తీసుకొచ్చి మంచం మీద కూర్చోబెట్టింది. కాళ్ల దగ్గర తాను కూర్చుంది.

"ఎందుకు తినలే అత్తమ్మా? నాకెందుకు చెప్పలే?"

"నెల నిండేదాక అన్నం ముట్టనని రాజన్నకు మొక్కిన. మొక్కు బయటికి చెప్పొద్దంటరు. అన్నం పారెయ్యబుద్ధి గాలే. నెల దాటినంక వాడు తింటడు గదా అని వడియాలు పెట్టిన."

"నీసు లేని దినాలల్ల ఏం తిన్నవ్?"

"జామకాయలు. దోసకాయలు. దొరికింది తిన్న తియ్యి."

నవనీత ఆమె మోకాళ్ల మీద తల పెట్టి వెక్కివెక్కి ఏడ్చింది. "పాశెం మాట అన్నందుకు నన్ను చెప్పుతోని కొట్టు అత్తమ్మా."

"నిజమే అన్నవు గదా బిడ్డా" అంది శంకరవ్వ, ఆమె జుట్టు సవరిస్తూ. "మీ మామ నోరు తెరిచి అడిగిండు, పెట్టిన. గందుకే గీసారి నా చెయ్యి మీద నాకే నమ్మకం లేకపాయె. అన్నం ముంగటేసుకుంటె కొడుక్కొక ముద్ద కలిపి పెట్టబుద్ధయితది. నేనే తినకుంటె వానికి పెట్టబుద్ధి గాదు గదా."

అప్పుడే వానలో తడిసి ముద్దయిన శ్రీహరి గుమ్మంలోకి వచ్చాడు. మూట చూశాడు, ఇద్దరి ముఖాలూ చూశాడు, ఏం జరిగిందో అడిగి తెలుసుకున్నాడు. రోజూ రాగానే క్వారీ దుమ్ము వదిలించుకోవడానికి స్నానానికి పోయేవాడు, ఇవాళ నేరుగా తల్లి పక్కన కూలబడ్డాడు. అతను దగ్గరికి రాగానే గుప్పున ఒక వాసన కొట్టింది. నవనీత తల ఎత్తింది.

"కల్లు తాగినవా?"

"ఈతకల్లే. రోజూ క్వారీ నుంచి వచ్చేటప్పుడు తాగుతున్న." అతను అమాయకంగా చూశాడు. "అండ్ల బియ్యం లేవు, పప్పు లేదు, పాలు లేవు. చెట్టు మీంచి దిగింది దిగినట్టే తాగుతున్న. ఆదిమానవులకు ఈతచెట్లు లేకుండెనా?"

ముందు నవ్వింది శంకరవ్వే. ఒంట్లో ఓపిక లేక నవ్వు దగ్గుగా మారింది. అత్తను పట్టుకుని కోడలు కూడా ఏడుస్తూనే నవ్వింది. "నాయినా, తియ్యటి కల్లు తాగి షుగర్ తగ్గుతదనుకున్నవా!" అంది శంకరవ్వ.

శ్రీహరి మాత్రం నవ్వలేదు. తల్లి ఎండిన చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు. "నా వల్ల నువ్వు మాట పడ్డవ్ అవ్వ. ఇగ నుంచి ముట్ట."

నవనీత లేచి పొయ్యి మీద బియ్యం పెట్టింది. ఉడికిన అన్నంలో పెరుగు వేసి మెత్తగా కలిపి గిన్నె తెచ్చింది. శంకరవ్వ మూతి పక్కకు తిప్పుకుంది.

"మొక్కు బిడ్డా. ఇంక నెల నిండలే."

"నీ మొక్కు నాకియ్యి" అంది నవనీత. "మిగిలిన దినాలు నేను మోస్త. రేపటి సంది నా డబ్బాల అన్నం ఉండదు. ఇన్ని రోజులు ఆయన ముంగటనే డబ్బాల అన్నం పెట్టుకపోయిన, నాకు సోయే లేదు. రాజన్నకు ఎవరు మోసినా ఒకటే. నీ కొడుకు కోసమే గదా."

శంకరవ్వ కోడలి ముఖంలోకి చూసింది. వేములవాడ దిక్కు తిరిగి ఒకసారి కళ్లు మూసుకుంది. తర్వాత చిన్నపిల్లలా నోరు తెరిచింది. నవనీత ముద్ద పెట్టింది. ఆమె నమిలింది, మింగింది, రెండో ముద్దకు నోరు తెరవబోయి ఆగింది.

"రేపు సోమారం గాదు, మంగళారం. నీసు తినొచ్చు" అంది. "కోడిగుడ్లు పుంటికూరల వేసి నీ డబ్బాకు నేనే వండుత. ఆకలికుంటె బిడ్డ ఎట్ల పాఠం చెప్తది?"